కడిగిన మక్కలు

మా ఇంట్లో శనివారం ఉల్లిగడ్డ కూడా తరగరు. అలాంటి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కోడిపిల్లల కాళ్ళు కోసుకుంటూ బతుకుతుందని మా అమ్మ కలలో కూడా అనుకోలేదు. చేవెళ్లలో మాది విత్తనాల దుకాణం. విత్తనాలతో పాటు బర్రెల దాణా, కోళ్ళకు వేసే మక్కలు, అంటే మొక్కజొన్న, అమ్మేవాళ్ళం. కోడి తినేది అమ్మొచ్చు, కోడిని మాత్రం ముట్టుకోకూడదు. ఇందులో ఏదో తిరకాసు ఉందని మా బాపుకు ఎప్పుడూ తోచలేదు. నేను నగరంలో పీహెచ్‌డీలో చేరాక, శనివారం సాయంత్రం మెహిదీపట్నంలో బస్సెక్కి ఇంటికొస్తే, అమ్మ వెనక వాకిట్లో బకెట్టెడు నీళ్ళు పెట్టి ఉంచేది. తలస్నానం అయితేనే వంటింటి గడప దాటనిచ్చేది.

అవి ఊళ్ళకు ఊళ్ళు జావా నేర్చుకుంటున్న రోజులు. మా చిన్నాన్న కొడుకులిద్దరూ అమీర్‌పేటలో గది కిరాయికి తీసుకుని పొద్దున ఒక కోర్సు, సాయంత్రం ఒక కోర్సు చదివేవాళ్ళు. ఉద్యోగాలొచ్చాక పండక్కి వస్తే వాళ్ళ మెడలో కంపెనీ కార్డుల పట్టీలు వేలాడేవి. నా మెడలో ఏమీ వేలాడేది కాదు, చేతులు మాత్రం ఫార్మాలిన్ కంపు కొట్టేవి. "కోడి కాలు సూసుడు గూడ ఒక సదువేనా బిడ్డా?" అని బాపు దుకాణంలో నలుగురి ముందే అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల భగ్గున మండేది. మొయినాబాద్ రోడ్డు పొడుగునా చేలకు ప్రహరీలు లేస్తున్నాయి. అజీజ్‌నగర్ దాటితే ప్రతి మలుపులోనూ ఫామ్‌హౌస్ బోర్డు కనిపించేది. ఆ గోడల వెనక ఎవరున్నారని అడిగితే, "సాఫ్ట్‌వేరోళ్ళు" అని ఒకే జవాబు.

నేను చదివింది ఎముక గురించి. మా వైపు ఎముకను బొక్క అంటారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఏం చేయాలనుకుంటున్నావని అడిగితే, కంగారులో ఇంటి మాట వచ్చేసింది. "లేత బొక్క ఎట్ల ముదురుతదో తెలుసుకోవాలని" అన్నాను. ఎదురుగా కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు కోస్తా వాళ్ళు. వాళ్ళకు బొక్క అంటే చిల్లు. చిల్లు ముదరడమేమిటని పడీపడీ నవ్వారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. సీటు ఇచ్చారు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాను గానీ, ఆ రోజు బస్టాపులో నిలబడి ఏడ్చాను.

ఆ మాటలో తప్పేమీ లేదని తర్వాత చదివిన కొద్దీ తెలిసింది. ఎముక మొదట ఎముకగా పుట్టదు. గుడ్డులోని పిండంలో ముందు మెత్తటి మృదులాస్థితో కాలి ఆకారం తయారవుతుంది. తర్వాత ఆ కణాలు బెండకాయ ముదిరినట్టు ముదిరి, ఉబ్బి, సున్నం పట్టించుకుని, తమ చోటు ఎముకకు ఇచ్చి పోతాయి. ఎముక కొసన అవి వరుసగా ఉంటాయి: పైన లేతవి, నడుమ చకచకా విడిపోతూ పెరిగేవి, కింద ముదిరినవి. ఏది ఎప్పుడు ముదరాలో వాటిలో అవే కబుర్లు పంపుకుని తేల్చుకుంటాయి. ముదరబోతున్న కణం ఒక ప్రోటీను వదులుతుంది. అది పై కొసకు చేరగానే అక్కడి కణాలు దానికి బదులుగా ఇంకో ప్రోటీనును కిందికి పంపుతాయి. దాని అర్థం ఇంచుమించు "ఇప్పుడే ముదరకండి, కొంచెం ఆగండి" అని. ఆ మాట అందినంత మేరా కణాలు లేతగానే ఉండి కాలును పొడుగు చేస్తాయి. అందనంత దూరం జరిగినవి ముదురుతాయి. బాగా ముదిరిన కణం చివరగా రక్తనాళాలను రమ్మని పిలుస్తుంది. నాళాలు వచ్చాకే అక్కడ ఎముక కడుతుంది. ఆగమన్న కబురు ఎక్కువైనా చిక్కే, పిలిచినప్పుడు నాళం రాకపోయినా చిక్కే. ఆ చిక్కు ఎక్కడ పడుతుందన్నదే నా సిద్ధాంత వ్యాసం.

పుస్తకంలో బాగానే అర్థమైంది. చేతికి కోడిపిల్లను ఇచ్చేసరికి నా పని అయిపోయింది. పట్టుకోవడమే రాదు. పట్టుకున్నా అది కొట్టుకుంటే వదిలేసేదాన్ని. నాకు ఆ విద్య నేర్పింది మా దుకాణంలో అందరూ కోళ్ళవ్వ అని పిలిచే మనిషి. చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్ళే దారిలో ఆమెకు ఎకరం ఇరవై గుంటల పొలం, అందులో రేకుల షెడ్డు, షెడ్డులో వెయ్యి బాయిలర్ కోళ్ళు. భర్త పోయాడు. కూతురు నగరంలో కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. అవ్వ మా దగ్గర మక్కలు కొని, గిర్నీలో పలుకులుగా ఆడించి, దాణా తనే కలుపుకునేది.

ఒక ఆదివారం సిగ్గు చంపుకుని ఆమె షెడ్డుకు వెళ్ళాను. "గిట్ల రెండు రెక్కలు కలిపి పట్టాలె బిడ్డా. నువ్వు భయపడ్తే దానికి ఎర్కైతది" అని నా చేతుల మీద తన చేతులు పెట్టి చూపించింది. ఆ రోజు ఇంటికి కోసిన కోడి కాలి ఎముకను నిలువునా చీల్చి, కొసన తెల్లగా మెరిసేదాన్ని గోటితో గిల్లింది. "గిది లేత బొక్క. నమిలితే కరకరమంటది. నువ్వు తినవు గద, నీకెట్ల తెలుస్తది" అని నవ్వింది. నాకు మైక్రోస్కోపు కింద కనబడే సరిహద్దును ఆమె గోటితో చూపించింది. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఏ ఆదివారం వెళ్ళినా నాకు కావలసిన కోడిపిల్లలను ఏరి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేది.

మూడో ఏడాది చలికాలంలో ఆమె దుకాణానికి వచ్చి మక్కల సంచి మీద కూలబడింది. "సేటూ, నా కోళ్ళు కూసున్నకాడికెల్లి లేస్తలెవ్వు. మేత మంచిగనే తింటున్నయ్. కాళ్ళే నిలుస్తలెవ్వు" అంది. బాపు చలికి అలాగే అవుతుందని, బెల్లం నీళ్ళు పట్టమని చెప్పాడు. నేను ఆమె వెంటే బయల్దేరాను. షెడ్డులో మూడు వారాల పిల్లలు సగానికి సగం మోకాళ్ళ మీద దేకుతున్నాయి. నాలుగింటిని తీసుకుని మర్నాడు ల్యాబుకు వెళ్ళాను.

ఎముకను నిలువునా చీల్చగానే కనబడింది. ఎరుపు మొదలు కావలసిన చోట ఎరుపు లేదు. తెల్లటి మృదులాస్థి ముద్ద ఎముక లోపలికి బిరడాలాగ దిగి ఉంది. ముదరడం మొదలుపెట్టిన కణాలు మధ్యలోనే ఆగిపోయాయి, రక్తనాళం ఒక్కటీ వాటిలోకి వెళ్ళలేదు. మూడేళ్ళుగా పిండాల్లో మందులు వేసి తెప్పించాలని నేను తంటాలు పడుతున్నది ఇక్కడ దానంతటదే వచ్చి కూర్చుంది. నిజం దాచడం ఎందుకు, నాకు సంతోషమేసింది. మా గైడు గది వరకు పరుగెత్తాను. ఆయన కూడా అద్దాలు పైకి తోసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ క్షణంలో మా ఇద్దరికీ కోళ్ళవ్వ గుర్తే లేదు.

ఏం తిన్నాయో కూడా చూడమన్నాడు గైడు. మెడ కింద మేత నిలిచే సంచి చీల్చి పళ్ళెంలో కడిగాను. మక్క పలుకులు, సోయా తుక్కు. రెండు పలుకుల మొనల దగ్గర గులాబీ రంగు అంటుకుని ఉంది. ఆ రంగు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. విత్తనాల దుకాణంలో పెరిగినవాళ్ళకు అన్నం రంగు ఎంత తెలుసో, మందు పట్టించిన విత్తనం రంగు అంత తెలుసు. గడువు దాటిన మక్క విత్తనాన్ని కంపెనీ వెనక్కి తీసుకోలేదని బాపు గొణగడం, అమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని గంగాళంలో గింజలు కడగడం, ఆమె అరచేతులు రెండు రోజులు గులాబీగా ఉండటం, మిద్దె మీద దుప్పట్ల నిండా మక్కలు ఆరటం, అన్నీ వరుసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ మిద్దె మీద పిచ్చుకలు వాలకుండా కూర్చుని చదువుకున్నది నేనే.

విత్తనానికి బూజు పట్టకుండా పూసే థైరం కోడిపిల్లల కాళ్ళను సరిగ్గా ఇలాగే చేస్తుందని మా శాస్త్రంలో పాత సంగతే. గైడు అల్మారాలోంచి కాగితాలు తీసి ఇచ్చాడు. "మేతను పరీక్షకు పంపుదాం. ఫలితం వచ్చేదాకా ఎవరితోనూ అనకు. శాస్త్రంలో అనుమానానికి విలువ లేదు" అన్నాడు. ఆ మక్కలు ఎక్కడివో నేను ఆయనకు చెప్పలేదు.

శనివారం దాకా ఆగలేక ఆ రోజే ఇంటికి వెళ్ళాను. స్నానం కూడా చేయకుండా దుకాణంలోకి దూరాను.

"బాపూ, మిద్దె మీద ఆరబోసిన మక్కలు ఎవరికిచ్చినవ్?"

"కోళ్ళామెకు. ఎందుకు?"

"అవి ఇత్తనం మక్కలు గద."

"మూడు నీళ్ళు పోసి కడిగించిన బిడ్డా. నాలుగో నీళ్ళు తెల్లగ వచ్చినయ్. రంగు పోయినంక ఇంక మందు యాడ ఉంటది?"

రంగు వేరు, మందు వేరు అని చెప్పాను. రైతు పొరపాటున తినకుండా ఉండాలని రంగు వేస్తారని, అది నీళ్ళకు పోతుందని, మందు గింజలోకి ఇంకి ఉంటుందని చెప్పాను. ముప్పయ్యేళ్ళు విత్తనాలు అమ్మిన మనిషికి ఆ సంగతి తెలియదు. ఆయన కక్కుర్తితో చేయలేదు. గింజను పెంటమీద పోస్తే పాపమని నమ్మి చేశాడు. కానీ పాపం ఎటు తిరిగి ఎవరి షెడ్డులో తేలిందో విన్నాక, తక్కెడ పక్కకు నెట్టి లేచాడు. మిగిలిన రెండు సంచులూ అప్పటికప్పుడు గోదాము వెనక గుంట తీసి పూడ్పించాడు. తర్వాత నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు: "నీ పరీక్షల్ల తేలనియ్. తేలినంక నేనే పోయి చెప్త. జర ఆగు."

అటు గైడు ఆగమన్నాడు, ఇటు బాపు ఆగమన్నాడు. నాకు ఆ మాట తియ్యగా వినబడింది. చెప్పాల్సిన పని కొన్నాళ్ళు తప్పింది కదా.

ఆదివారం కోళ్ళవ్వ దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో కోళ్ళు పలచబడ్డాయి. కూతురు ఆ ఏడే తల్లి దగ్గర వదిలి వెళ్ళిన పాపను ఆమె ఒళ్ళో వేసుకుని దాని కాళ్ళకు నూనె రాస్తోంది. పాపకు పద్దెనిమిది నెలలు వస్తున్నాయి, ఇంకా అడుగు వేయడం లేదు.

"ఎండకాలం కొత్త బోరేసిన బిడ్డా. మస్తు లోతుకు పోయినం. ఆ నీళ్ళ రుచే వేరే ఉన్నది. నల్లగొండ దిక్కు నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయినోళ్ళను నేను కండ్లార సూసిన. కోళ్ళకూ గవే నీళ్ళు, దీనికీ గవే నీళ్ళు. నువ్వు సదువుకున్నదానివి. బొక్కల సదువే సదివినవ్. నిజం చెప్పు, నీళ్ళేనా?"

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నీళ్ళు కావు, మా మక్కలు. పాప కాళ్ళకు ఏమీ కాలేదు, కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారు. ఆ ముక్క వదిలేసి, "నీళ్ళు కావచ్చు అవ్వా, కాకపోవచ్చు. పరీక్షకు పంపినం. జర ఆగు" అన్నాను.

మా కులం మీద ఊళ్ళో ఒక మాట ఉంది. ఇటూ కాకుండా అటూ కాకుండా చెప్పేదాన్ని కోమటి సాక్ష్యం అంటారు. చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా ఆ మాట అంటే పలక పెట్టి కొట్టేదాన్ని. ఆ ఆదివారం ఆ సామెత నా కోసమే పుట్టినట్టు చెప్పాను. పైగా దాన్ని శాస్త్రం మాట్లాడే పద్ధతని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను.

అవ్వ "సరే బిడ్డా" అని పాపను చంకనేసుకుంది.

మరుసటి వారం మా బాపు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని బస్సెక్కాడు. ఆమెకు చెప్పి వస్తానని అమ్మతో అన్నాడట. ఆమె ఊరి స్టాపులో దిగలేదు. మొయినాబాద్ దాకా వెళ్ళి, అక్కడ చాయ్ తాగి, తిరుగు బస్సులో ఇంటికి వచ్చాడు. టికెట్లు రెండూ జేబులోనే ఉన్నాయని అమ్మ చెప్పింది. నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే నేను మాత్రం ఏం చేశాను.

మూడు వారాలకు ఒక శనివారం బస్సు కిటికీలోంచి చూస్తే ఆమె పొలం చుట్టూ కంచెకు రాతి కడీలు పాతి ఉన్నాయి. షెడ్డు రేకులు విప్పి ఒక పక్కన పేర్చారు. రెండేళ్ళుగా బ్రోకరు వారం వారం వచ్చి అడుగుతుంటే చెప్పుతో కొడతానన్న మనిషి, నీళ్ళు బాగాలేని భూమి మనకు అచ్చిరాదని, పాప కాళ్ళు వంకరపోకముందే దీన్ని వదిలించుకోవాలని, ఒక సాఫ్ట్‌వేర్ దంపతులకు రాసిచ్చేసింది. మంచినీళ్ళ బావి ఉన్న చోట రెండెకరాలు కొనుక్కోవాలని ఆమె లెక్క. మేత పరీక్ష ఫలితం సరిగ్గా నాలుగు రోజుల తర్వాత నా టేబుల్ మీదికొచ్చింది. థైరం ఉంది.

కాగితం తీసుకెళ్ళి బాపు ముందు పెట్టాను. చదివి మడిచి నాకే ఇచ్చాడు. "ఇప్పుడు చెప్తే ఏం ఫాయిదా బిడ్డా? భూమి ఎన్కకు వస్తదా?" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎందుకని నేనూ అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఎంత హాయిగా ఉందో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

ఆ ఎముకల బొమ్మలు చాలా బాగా వచ్చాయి. మృదులాస్థి నీలంగా, ఎముక ఎర్రగా రంగు పట్టి, నడుమ ఆ నీలం ముద్ద స్పష్టంగా కనబడేది. ఒక సదస్సులో చూపించాను. ఆగమని చెప్పే కబురుకూ, రమ్మని పిలిచే కబురుకూ నడుమ ఆ కణాలు ఎక్కడ చిక్కుకున్నాయో చెప్పాను. చప్పట్లు కొట్టారు. పక్షులు ఎక్కడివని ఒకాయన అడిగితే, "ఒక చిన్న రైతువి" అన్నాను. ఆ రైతు ఇప్పుడు ఎక్కడుందో అప్పటికి నాకు తెలియదు.

ఎండాకాలంలో తెలిసింది. చుట్టుపక్కల భూముల ధరలు నెల నెలకూ పెరిగిపోయి, అమ్మిన డబ్బుకు అందులో సగం భూమి కూడా దొరకలేదట. దంపతులు ఫామ్‌హౌస్ కట్టుకుని, మొక్కలు చూసుకోవడానికి మనిషి కావాలంటే ఆమే వెళ్ళి అడిగిందట. తన పొలంలోనే, గేటు పక్కన రేకుల గదిలో ఉంటోంది. ఆ బోరు నీళ్ళు మొక్కలకు పోస్తోంది గానీ, పాప కోసం మాత్రం రోజూ కిలోమీటరున్నర నడిచి ఊళ్ళోని ట్యాంకు దగ్గర బిందె నింపుకుని వస్తోందని దుకాణానికి వచ్చిన వాళ్ళెవరో చెప్పారు. బాపు విననట్టు తూకం రాళ్ళు సర్దాడు. నేను లేచి చెప్పులేసుకున్నాను. "యాడికి?" అన్నాడు. చెప్పాను. ఈసారి ఆగమనలేదు.

బస్సు దిగి ఎండలో నడిచి వెళ్ళేసరికి అవ్వ గడ్డికి నీళ్ళు పెడుతోంది. పాప గేటు పట్టుకుని నిలబడి, నన్ను చూసి తప్పటడుగులతో గదిలోకి పరుగెత్తింది. కాళ్ళు చక్కగా, నిటారుగా ఉన్నాయి. అవ్వ పైపు కింద పెట్టి, "మస్తు దినాలకు వచ్చినవ్ బిడ్డా" అని నవ్వింది.

నిలబడే చెప్పాను. నీళ్ళలో ఏమీ లేదని, కోళ్ళ కాళ్ళు మా మక్కల వల్లే పోయాయని, బాపు విత్తనాన్ని కడిగి అమ్మాడని, పాపకు ఎప్పుడూ ఏ జబ్బూ లేదని. ఈసారి కావచ్చు, కాకపోవచ్చు అనలేదు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ మొత్తం విన్నది.

"నీకు ఎప్పుడు ఎర్కైంది?"

"కోళ్ళను కోసిన్నాడే" అన్నాను.

"నేను నిన్ను అడిగిన్నాడు ఎర్కనేనా?"

"ఎర్కనే అవ్వా."

ఆమె తిట్టలేదు. తిడితే ఆమె కాళ్ళు పట్టుకుందామని దారంతా అనుకుంటూ వచ్చాను. గదిలోకి వెళ్ళి స్టీలు గ్లాసు తెచ్చి, బోరు నల్లా తిప్పి నింపింది. పాపను పిలిచి ఆ నీళ్ళు నోటికి అందించింది. పాప సగం తాగి సగం గౌను మీద పోసుకుంది. నా మాట నమ్మిందన్నమాట. గ్లాసు కడిగి, గదిలోకి తీసుకెళ్ళి బోర్లించింది. తిరిగి వచ్చి పైపు అందుకుని గడ్డికి నీళ్ళు పెట్టసాగింది. ఎండలో వచ్చిన మనిషిని మంచినీళ్ళు ఇవ్వకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. ఆ రోజు నాకు ఇవ్వలేదు.